పేడబండి మీది కుర్చీ

సోమవారం సాయంత్రం తవారెస్‌ని లినియా కావాలని వదల్లేదు. ఆవు తోక విసిరింది.

పాలు పితికే కొట్టంలో రెండు వరుసల ఆవుల మధ్య నడుం లోతు గుంట ఉంటుంది. అందులో నిలబడితే పొదుగులు భుజాల ఎత్తుకి వస్తాయి, తోకలు మొహం ఎత్తుకి వస్తాయి. లినియా ఎడమచేత్తో ఒక ఆవు చన్నులకు అయోడిన్ మందు పట్టిస్తూ, కుడిచేత్తో జేబులోంచి ఫోన్ తీసింది. ఆరుంపావుకి మొదటి బేస్‌బాల్ ఆట మొదలవుతుంది. మొదటి బంతి పడిందంటే ఆ రోజుకి జట్టు బిగుసుకుపోతుంది, ఇక మార్చడానికి వీలుండదు. రోజూ సరిగ్గా ఆ వేళకే పొదుగులు నిండి ఉంటాయి. ఏప్రిల్ నుంచీ ఇదే గోల.

చెయ్యాల్సింది చిన్న పని. తవారెస్‌కి ఆ రోజు ఆట లేదు. అతన్ని బెంచీ మీదికి జరిపి, ఆ స్థానంలో ఇంకొకణ్ణి పెట్టాలి. రబ్బరు గ్లౌజు తడిగా ఉంది. బొటనవేలు అద్దం మీద పెట్టిందో లేదో, పేడ అంటిన తోక చెంప మీద చెళ్లున పడింది. కళ్లు మూసుకుంది. "బెంచి" అన్న గడికి పక్కనే "వదిలెయ్" అన్న గడి ఉంటుంది. "నిజంగానే వదిలేస్తావా?" అని ఫోన్ అడిగే ఉంటుంది. మొహం తుడుచుకోబోయిన చెయ్యి ఆ ప్రశ్న మీదినుంచే జారింది.

కళ్లు తెరిచేసరికి ఆమె జట్టులో తవారెస్ లేడు.

"లినీ, చివరిదానికి కప్పులు జారుతున్నాయి చూడు!" అని నాన్న అవతలి వరుసలోంచి అరిచాడు.

మిషన్ కప్పులు గాలి పీలుస్తూ సర్రుమంటున్నాయి. ఆమె ఫోన్ జేబులో పడేసి పరుగెత్తింది. కప్పులు మళ్లీ తొడిగింది. పక్కదానికి పాలు అయిపోయాయి, దాని కప్పులు తీసింది. ఆ వరుస బయటికి వెళ్లి కొత్త వరుస లోపలికి వచ్చింది. పొదుగులు తుడవాలి, మొదటి ధారలు పిండి చూడాలి, కప్పులు తొడగాలి. ఆవులను ఆగమంటే ఆగవు. చేతికి సందు దొరికి ఫోన్ తీసేసరికి తెర మీద ఒక వాక్యం ఉంది. వెర్లిన్ హోక్‌స్ట్రా తవారెస్‌ను తీసుకున్నాడు.

బ్రాంట్ క్రీక్‌లో ఫాంటసీ బేస్‌బాల్ ఆడేవాళ్లు పదిమంది. నిజం ఆటగాళ్లను పేర్లు చెప్పి పంచుకుంటారు. వాళ్లు నిజం మైదానాల్లో కొట్టినవీ విసిరినవీ వీళ్లకు పాయింట్లుగా పడతాయి. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, దెబ్బ తగిలినవాడి బదులు ఎవరిని తేవాలి అన్నది ఎవరి జట్టుకు వాళ్లే రోజూ చూసుకోవాలి. ఎవరైనా ఒకణ్ణి వదిలేస్తే ముందు చూసినవాడిదే అతను. పదిమందిలో తొమ్మిదిమంది మగవాళ్లు. మార్చిలో ఒకాయన ఊరు వదిలి వెళ్తే సంఖ్య సరిపోలేదని లినియాను పిలిచారు.

గెలిచినవాడి గురించి ఊళ్లో ఎవరికీ పట్టదు. ఓడినవాడే అందరికీ కావాలి. చివరి వారంలో అడుగున ఉన్న రెండు జట్లూ తలపడతాయి. ఓడినవాణ్ణి కోతల పండుగ ఊరేగింపులో పేడ చల్లే బండి మీద కుర్చీ వేసి కూర్చోబెడతారు. దారి పొడుగునా పిల్లలు మార్ష్‌మెలోలు, ఆ దూదిలాంటి తెల్ల మిఠాయిలు, గురిపెట్టి కొడతారు. బడిలో హాజరు పిలిచినప్పుడు లినియా పలికే మాట రెండో బెంచీ దాకా కూడా పోదు. ఆ బండి ఆ బడి ముందునుంచే వెళ్తుంది.

అడుగున ఉన్న రెండు జట్లూ ఈ ఏడు ఆమెది, వెర్లిన్‌ది.

*

వెర్లిన్ పాల ట్యాంకర్ నడుపుతాడు. మంగళవారం పొద్దున పితకడం అయిపోయి లినియా నేల కడుగుతుంటే, ట్యాంకర్ వెనక్కి వస్తున్న కీచుమోత వినిపించింది. ఆమె నీళ్ల గొట్టం ఇంకాస్త గట్టిగా తిప్పింది.

పాలగదిలోకి అతను ఎప్పటిలాగే టోపీ తీసి వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. ట్యాంకు మూత ఎత్తి, మొహం లోపలికి వంచి వాసన చూశాడు. కొలకర్ర తుడిచి ముంచి తీశాడు. అరవై దాటిన మనిషి, పాల దగ్గర మాత్రం పురిటి గదిలో నడిచినట్టు నడుస్తాడు.

"ఏం మేనేజరు గారూ, నిద్ర పట్టిందా?" అన్నాడు కొలకర్ర మీది గీతను వెలుతురులో చూస్తూ.

లినియా పాలగది గడప దగ్గర బూట్లు కడుక్కుంటోంది.

"నాకైతే బ్రహ్మాండంగా పట్టింది. రాత్రి అన్నం తింటూ ఊరికే ఫోన్ చూశాను. చూద్దును కదా, తవారెస్ రోడ్డు మీద నిలబడి ఉన్నాడు, పాపం, ముల్లె సర్దుకుని. రా నాయనా అన్నాను."

"పొరపాటున పడ్డాడు బాబాయ్."

"తెలుసులే. తెలివుండి ఎవరొదులుకుంటారు వాణ్ణి?" పాలు కలియబెట్టే మీట నొక్కాడు. ట్యాంకులో రెక్క గురగురమంటూ తిరిగింది. "మూడుసార్లు కూర్చున్నానమ్మా ఆ బండి మీద. ఒకసారి ఎవడో మార్ష్‌మెలోలు ఫ్రిజ్‌లో పెట్టి మరీ తెచ్చాడు. గులకరాళ్లే అనుకో. నాలుగోసారి నావల్ల కాదు."

"మీరు తిరిగి ఇచ్చేస్తే..."

"మీ పెదనాన్న ఇమ్మంటే ఇచ్చేస్తా. నాకై నేనిస్తే రేపు ఊళ్లో నన్ను బతకనిస్తారా?" చిన్న సీసాలో నమూనా పట్టి మూత బిగించాడు. "వెళ్లి అడుగు. మీ పెదనాన్నే కదా, పులా?"

గొట్టం తగిలించి పంపు వేశాడు. వాళ్ల పాలు గడగడా ట్యాంకర్‌లోకి వెళ్లిపోయాయి.

*

లోవెల్ పెదనాన్నది దాణా కొట్టు. ఈ పదిమంది ఆటకి, వాళ్ల మాటలో లీగుకి, పెద్ద ఆయనే. బడి వదిలాక లినియా వెళ్లేసరికి బల్ల దగ్గర డారెల్ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. డారెల్ ఆవులు చూలు కట్టడానికి ఎద సూదులు వేస్తాడు. పట్టికలో మూడో స్థానంలో ఉన్నాడు కాబట్టి ఈ వారం అతని నవ్వు ఆగడం లేదు.

"రామ్మా. ఉప్పుదిమ్మలు వచ్చాయని మీ నాన్నకి చెప్పు," అన్నాడు పెదనాన్న, బస్తా మూతిని దారంతో కుడుతూనే.

"పెదనాన్నా, తవారెస్..."

"చూశాను."

"నేను కావాలని కాదు. ఆవు తోక..."

డారెల్ కాఫీ మింగలేక బల్ల మీదికి వంగాడు. "ఆవు మీదికి తోసేసింది చూశావా! ఆ ఆవుని పిలిపించు లోవెల్, సాక్ష్యం చెప్పనీ."

పెదనాన్న కూడా నవ్వాడు. లినియా చెవులు కాలాయి. దారిలో బస్సులో కూర్చుని మాటలన్నీ వరుసగా పేర్చుకుంది. ముందు ఇది, తర్వాత అది. ఇప్పుడు ఆ వరుస చెదిరి చివరిమాట ముందు వచ్చింది.

"మే నెలలో ఇచ్చాను కదా," అంది.

"ఏంటీ?"

వెనక దాణా ఎత్తే మిషన్ తిరుగుతోంది. ఇంకాస్త గట్టిగా అనాల్సి వచ్చింది. "మే నెలలో డారెల్ గారి పిచర్ ఇలాగే పడిపోతే నేను తీసుకున్నాను. మీరు ఫోన్ చేసి తిరిగి ఇచ్చెయ్యమన్నారు. ఇచ్చేశాను."

డారెల్ నవ్వు ఆపి కప్పులోకి చూశాడు. ఆ రోజు అతను భుజం దాకా ప్లాస్టిక్ తొడుగుతో ఒక చెయ్యి ఆవు లోపల పెట్టి, రెండో చేత్తో ఫోన్ నొక్కాడు. ఆ సంగతి ఊరంతా వారం రోజులు చెప్పుకుని నవ్వింది. బంతి విసిరే ఆ పిచర్‌ని పట్టుకున్న సంతోషంలో లినియా ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. తర్వాత పెదనాన్న ఫోన్ వచ్చింది. "పనిలో ఉండి పొరపాటున నొక్కాడమ్మా, మనలో మనం, ఇచ్చెయ్యి." సరే అంది. సరే అనడం తప్ప ఇంకోటి అనొచ్చని ఆమెకు తట్టలేదు.

"అదీ ఇదీ ఒకటేనా?" అన్నాడు పెదనాన్న. దారం పళ్లతో కొరికాడు. "అది సీజను మొదట్లో. ఇది చివరి వారం. పైగా నువ్వు నా తమ్ముడి కూతురివి. నీకోసం మారిస్తే ఏమంటారు జనం? రూలంటే రూలమ్మా. ఇంకోసారి జాగ్రత్తగా ఉంటావు."

"డారెల్ గారు పనిలో ఉన్నారన్నారు. నేనూ..."

బయట లారీ వచ్చి హారన్ కొట్టింది. పెదనాన్న బస్తా భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. డారెల్ కాఫీ ఊదుకున్నాడు, అది ఎప్పుడో చల్లారిపోయినా.

మిగిలిన మాట లినియా ఆ సాయంత్రం గుంటలో నిలబడి చెప్పింది. "నేనూ పనిలోనే ఉన్నాను." పదిహేడో నంబరు ఆవు చెవి ఒకటి వెనక్కి తిప్పింది. అంతే.

*

తవారెస్ ఆడేది షార్ట్‌స్టాప్ స్థానం, రెండో మూడో బేస్‌ల మధ్య కాపు. అక్కడ ఇంకొకణ్ణి వెతకాలంటే ఎవరూ లేరు. మిగిలినవాళ్లు సంత ఎత్తేసే వేళకి బుట్ట అడుగున మిగిలిన టమాటాల్లాంటివాళ్లు. ఒకడికి మడమ నొప్పి, ఒకడు వారమంతా బంతిని ముట్టనేలేదు. ఒక కుర్రవాడు నిన్నగాక మొన్న పెద్ద లీగుకి వచ్చాడు, వాడి పేరు ఎవరూ విననైనా లేదు. లినియా కుర్రవాణ్ణే తీసుకుంది.

బుధవారం వాడు రెండుసార్లు బాగా కొట్టాడు. ఆమె లెక్కల క్లాసులో బల్ల కింద ఫోన్ చూసి పెదవి కొరుక్కుంది. గురువారం అమ్మకానికి పంపే దూడలకు చెవి బిళ్లలు వేస్తూ, మధ్యమధ్యలో తాను నమ్ముకున్న పిచర్ ఆడే ఊళ్లో మబ్బు ఎలా ఉందో చూసింది. ముందు ఎండ అంది ఫోన్. తర్వాత జల్లు అంది. ఆట వానకు ఆగిపోయింది. ఆ పిచర్ స్థానం ఖాళీగా పోయింది. ఆమె బెంచీ మీద కూర్చోబెట్టినవాడు ఆ రోజే, ఎక్కడో ఎండలో, ఏడాది మొత్తంలో ఎన్నడూ విసరనంత బాగా విసిరాడు.

"పాపం మన లినియా బెంచీ మీద మంచి జట్టే ఉంది," అని లీగువాళ్ల ఫోన్ గ్రూపులో డారెల్ రాశాడు. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. పెదనాన్న కూడా పెట్టాడు.

ఆమె జవాబు టైపు చేసింది. చెరిపేసింది. మళ్లీ టైపు చేసి, మళ్లీ చెరిపేసింది. ఫోన్‌ని దాణా గంపలో పడేసి, మళ్లీ తనే వెతుక్కుంది. కోపం ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేదు. వాన మీదా? పెదనాన్న మీదా? తోక మీదా? అందరికంటే ఎక్కువగా, మేలో సరే అన్న తన నోటి మీదే అనిపించింది.

అయినా శుక్రవారం ఇద్దరు కొత్త పిచర్లను తెచ్చింది. చేతకాని జట్ల మీద ఆడబోయేవాళ్లను ఏరి మరీ తెచ్చింది. శనివారం ఇద్దరూ బాగా విసిరారు. రాత్రి నిద్రపోయేసరికి వెర్లిన్ కంటే ఆమె జట్టే కొంచెం పైన ఉంది.

ఆదివారం సాయంత్రం పితికేటప్పటికి అన్ని ఆటలూ అయిపోయాయి, ఒక్కటి తప్ప. మిల్వాకీ జట్టు పడమటి తీరాన ఆడుతోంది. ఎదుటి జట్టులో తవారెస్ ఉన్నాడు. కొట్టంలో రేడియో ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, అది లేకపోతే ఆవులు పాలు చేపవు. మామూలుగా పాత పాటలు పెట్టే నాన్న ఆ రోజు అడక్కుండానే ఆట పెట్టాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"వాడు ఇంకొక్కసారి ఆడాలి నాన్నా. వాణ్ణి అవుట్ చేస్తే గెలిచినట్టే. చివరికి మామూలుగా ఒక్కటి కొట్టినా ఫర్వాలేదు."

"మరి మనవాళ్లే కదా విసిరేది. చేస్తార్లే."

ఊళ్లో అందరూ మిల్వాకీ గెలవాలనే కోరుకుంటారు. కానీ ఆ బంతి కోసం ఆమె కోరుకున్నట్టు ఎవరూ కోరుకుని ఉండరు. ఆవు పొదుగు తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఆగింది. రేడియోలో మనిషి గొంతు ముందు మామూలుగా ఉంది, తర్వాత పైకి లేచింది, ఇంకా పైకి లేచింది. ఆ వెనకే జనం హోరు. ఇద్దరు బేస్‌ల మీద ఉండగా తవారెస్ బంతిని మైదానం బయటికి, హోమ్ రన్ కొట్టాడు.

నాన్న చెయ్యి చాచి రేడియో తిప్పాడు. ఏదో పాత పాట వచ్చింది.

"మొదటి ధార చూశావా?" అన్నాడు మెల్లిగా.

"చూస్తున్నా," అంది. పాలు తెల్లగానే ఉన్నాయి. ఇంకో ధార పిండింది. ఇంకోటి పిండింది. ఆవు కాలు విదిల్చింది.

*

సోమవారం గడిచింది. మంగళవారం వెర్లిన్ వచ్చి పాలు పట్టుకుని, వేళాకోళమాడకుండా వెళ్లిపోయాడు. గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. ఓడినవాణ్ణి ఆ వారమంతా వదలకుండా ఏడిపించడం వాళ్ల రివాజు. మార్ష్‌మెలో సంచుల ఫొటోలు పెడతారు, కుర్చీకని నడుము కొలతలు అడుగుతారు. ఈసారి ఒక్కటీ లేదు. లినియా గంటకోసారి గ్రూపు తెరిచి చూసింది. అందరూ కలిసి ఇంకా పెద్దదేదో తలపెట్టారేమో అనుకుంది. అద్దం ముందు నిలబడి, కుర్చీలో కూర్చున్నట్టు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చూసుకుంది. ఎక్కడ పెట్టినా అవి తన చేతుల్లా లేవు.

గురువారం సాయంత్రం పెదనాన్న ఉప్పుదిమ్మలు తెచ్చాడు. దించడానికి లినియా చెయ్యేసింది. ఆయన నాన్నతో మాట్లాడాడు, చూపు మాత్రం అప్పుడప్పుడూ ఆమె మీదికి వచ్చి పోతోంది.

"ఊరేగింపుకి బండి ఇస్తావుగా?"

"ఎప్పుడూ ఇచ్చేదే కదా," అన్నాడు నాన్న.

"వెర్లిన్ కూర్చుంటానన్నాడు. వాడికి అలవాటే. పిల్లకి ఇబ్బంది ఎందుకని అందరం అనుకున్నాం. ఆడపిల్ల, అసలే సిగ్గరి. పేడబండి మీద కూర్చోబెడితే బాగుండదు."

లినియా దిమ్మను చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. ఊపిరి తేలిగ్గా రావాలి. నెల రోజులుగా కోరుకున్నది ఇదే. రాలేదు.

"ఎప్పుడు అనుకున్నారు?" అంది.

"ఆదివారమే. గ్రూపులో."

"గ్రూపులో నేనూ ఉన్నాను కదా పెదనాన్నా. అందులో ఏం లేదు."

పెదనాన్న టోపీ వెనక్కి తోసి నుదురు గోక్కున్నాడు. "అది కాదులేమ్మా. ఇంకోటుంది. పాతది. మగవాళ్లం ఏవేవో వాగుతుంటాం."

నాన్న ఆయన మొహంలోకి చూశాడు. మళ్లీ దిమ్మలు దించడంలో పడ్డాడు.

అంటే మేలో ఆ పిచర్ సంగతీ అక్కడే తేలిపోయి ఉంటుంది. తవారెస్ సంగతీ అక్కడే. ఆమె బస్సులో మాటలు పేర్చుకుంటున్నప్పటికే అక్కడ అంతా అయిపోయి ఉంటుంది. ఉప్పుదిమ్మ అంచు ఆమె అరచేతిలో గుచ్చుకుంది.

"రూలంటే రూలన్నారు," అంది.

"అది వేరు..."

"ఓడింది నేను. వెర్లిన్ బాబాయ్ కాదు."

"నీ మంచికే చెప్తున్నానే పిచ్చిపిల్లా! రేపు బడిలో నవ్వితే ఏడ్చేది నువ్వే."

"ఏడిస్తే ఏడుస్తాను. కుర్చీ ఎక్కడుంది?"

తన గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమెకు తెలియదు. కంచె దగ్గరున్న దూడలు తలెత్తాయి.

"కొట్టు వెనకాల," అన్నాడు పెదనాన్న చివరికి.

*

ఆ బండిని ఏటా కడిగేది లినియానే. ఎవరు కూర్చున్నా కడగడం ఆమె పనే. శుక్రవారం బడి నుంచి వచ్చి రబ్బరు బూట్లు తొడుక్కుని, నీళ్ల తుపాకీ పెట్టింది. ఎండి కరుచుకుపోయిన పేడ పెచ్చులు పెచ్చులుగా లేచి ఆమె మీదే పడింది. వెనక తిరిగే పళ్లచక్రాల సందుల్లో గడ్డి చిక్కుకుని ఉంది. దాన్ని వేళ్లతో లాగింది. నేల పలకల మీది గొలుసును ఒక్కో లంకె తుడిచింది. వేరేవాళ్ల కోసం కడిగినప్పుడు ఆ గొలుసు దాకా ఎప్పుడూ పోలేదు.

నాన్న దాణా కొట్టుకి వెళ్లి కుర్చీ తెచ్చాడు. ఇనప కాళ్లు, చెక్క వీపు. ఆ చెక్క మీద ఏటేటా ఓడినవాళ్ల పేర్లు, ఒక్కొక్కరిది ఒక్కో రంగు. వెర్లిన్ పేరు మూడు చోట్ల ఉంది. డారెల్ పేరూ ఒక మూల ఉంది. ఈ ఏడుకి కింద ఖాళీ అలాగే ఉంది.

గేట్లకు వేసే పచ్చరంగు డబ్బా, పాత కుంచె నాన్నే వెతికి ఇచ్చాడు. లినియా మోకాళ్ల మీద కూర్చుని తన పేరు రాసింది. నాన్న వెనక నిలబడి చూశాడు.

"చిన్నగా రాశావు," అన్నాడు.

"సరిపోతుందిలే."

"వెర్లిన్‌ది చూడు ఎంతుందో. రోడ్డు అవతలినుంచి కనబడుతుంది."

ఆమె చూసింది. గుడ్డతో తన పేరు తుడిచేసింది. కుంచె మళ్లీ ముంచి, చెక్క ఈ చివరినుంచి ఆ చివరిదాకా రాసింది. చివరి అక్షరానికి చోటు చాలక కాస్త అంచు మీదికి పోయింది.

"నేను కూడా అడిగి ఉండాల్సింది, వాణ్ణి," అన్నాడు నాన్న. అన్నని 'వాడు' అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. డబ్బా మూత సుత్తితో కొట్టి మూసి ఆయన పాలకొట్టంలోకి వెళ్లిపోయాడు.

*

శనివారం చలిగా, ఎండగా ఉంది. బండిని లాగే పాత ట్రాక్టర్‌కి డ్రైవరు గది ఉండదు. దాన్ని తోలేది లీగు పెద్ద. పెదనాన్న సీటు మీద కూర్చుని వెనక్కి చూడకుండా అడిగాడు.

"దిగుతావా? ఇప్పటికైనా మించిపోయింది లేదు."

"పోనివ్వండి."

ముందు బడి బ్యాండు, తర్వాత అగ్నిమాపక బండి, ఆ తర్వాత పేడబండి. గొలుసు పలకల మీద కుర్చీ ఊగింది. లినియా రెండు చేతులూ కుర్చీ కింద పట్టుకుంది. కళ్లు ట్రాక్టర్ పొగగొట్టం మీద పెట్టుకుంది. రోడ్డుకి రెండువైపులా జనం ఉన్నారని చెవులకు తెలుస్తోంది, కళ్లకు తెలియనివ్వలేదు. ఇప్పుడు కొడతారు. ఇప్పుడు. భుజాలు బిగించింది.

ఎవరూ కొట్టలేదు.

పోస్టాఫీసు దాటారు. అగ్నిమాపక బండి మీదినుంచి చల్లిన చాక్లెట్ల కోసం పిల్లలు కేకలు పెడుతూ ఏరుకున్నారు. పేడబండి దగ్గరికి వచ్చేసరికి ఆ కేకలు ఆగిపోయాయి. ఆమె కళ్లు తిప్పి చూసింది. పిల్లల చేతుల్లో మార్ష్‌మెలో సంచులున్నాయి. విప్పే ఉన్నాయి. ఒక పిల్లాడు చెయ్యెత్తితే వాళ్లమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "వద్దన్నారుగా, ఆ అక్క మీద," అంది. ఒకావిడ జాలిగా నవ్వి చెయ్యి ఊపింది.

లినియా పెదనాన్న వీపు వైపు చూసింది. ఆయన మెడ బిగుసుకుని ఉంది, రోడ్డు తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు. పొద్దున్నే వచ్చి ఈ చివరినుంచి ఆ చివరిదాకా అందరికీ చెప్పి ఉంటాడు. ఇది కూడా ఆ పాత గ్రూపులోనే అనుకుని ఉంటారు.

బడి ముందుకి వచ్చారు. ఆమె క్లాసువాళ్లందరూ మెట్ల మీద ఉన్నారు. సంచులు పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. నవ్వితే బాగుండు. ఆ చూపుల కంటే మార్ష్‌మెలోలు కాదు, గులకరాళ్లు నయం.

ఆమె లేచి నిలబడింది. బండి కుదిపితే పడబోయి, కుర్చీ వీపు పట్టుకుంది. ఆరని పచ్చరంగు అరచేతికి అంటింది.

"కొట్టండి!" అని అరిచింది.

బ్యాండు మోతలో కొందరికి వినబడలేదు. మళ్లీ అరిచింది. "చూస్తారేం? నేనే ఓడిపోయింది! కొట్టండి!"

ఎవరూ కదల్లేదు. అప్పుడు మెట్ల పక్కన, పాల కంపెనీ టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు జనాన్ని తోసుకుని రోడ్డు అంచుకి వచ్చాడు. వెర్లిన్. పక్కనున్న పిల్ల సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీశాడు. మూడుసార్లు ఆ కుర్చీలో కూర్చున్నవాడు కదా, ఎక్కడ కొట్టాలో తెలుసు. మార్ష్‌మెలో సూటిగా వచ్చి ఆమె నుదుటి మీద తగిలింది.

"ఇది తవారెస్ తరఫున, మేనేజరు గారూ!" అని అరిచాడు.

అంతే, గట్టు తెగింది. మెట్ల మీదినుంచి, చెట్ల కిందినుంచి, రెండువైపులా తెల్లగా వచ్చిపడ్డాయి. చెవి మీద, భుజం మీద, జుట్టులో. క్లాసువాళ్లు ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు. కొన్ని కుర్చీ వీపుకి తగిలి, ఆరని రంగుకి అతుక్కుని అక్కడే ఉండిపోయాయి.

"కూర్చోవే, పడతావు!" అన్నాడు పెదనాన్న ట్రాక్టర్ మీదినుంచి, తల కొంచెం కూడా తిప్పకుండా.

ఏప్రిల్ నుంచీ ఎవరెవరితోనో విసిరించింది. తన చేత్తో ఒక్కటీ విసరలేదు. లినియా కాళ్ల దగ్గర పడినదాన్ని ఒకటి తీసుకుంది. రంగు అంటిన వేళ్ల మధ్య అది పచ్చబడింది. పెదనాన్న టోపీని బాగా చూసుకుని విసిరింది.

టోపీ రోడ్డు మీద పడింది. ఆయన అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు.